రిజర్వ్ డ్యూటీ చేస్తూ లాంగ్ రేస్: ఏ దూరం, ఏ వారం, ఏ ప్లాన్?

మారథాన్ ప్లాన్ ఏది తెరిచినా ఆదివారం గడిలో లాంగ్ రన్ ఉంటుంది. శనివారం గడిలో ఇంకో పరుగో, సైకిల్ రైడో ఉంటుంది. వారాంతం మన చేతిలోనే ఉంటుందన్న నమ్మకంతో రాసిన ప్లాన్లవి. రిజర్వ్ సైనికుడికి, అంటే వేరే ఉద్యోగం చేసుకుంటూ మధ్యమధ్యలో సైనిక డ్యూటీకి వెళ్లేవాడికి, చేతిలో లేనివి సరిగ్గా ఆ రెండు రోజులే. నెలకో వారాంతం యూనిట్‌కి పోతే 16 వారాల ప్లాన్‌లో నాలుగు లాంగ్ రన్లు గల్లంతవుతాయి. మధ్యలో రెండు వారాల వార్షిక క్యాంప్ కూడా పడితే ఇక ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించుకోవడం దండగ.

అయినా చాలామంది ముందు రేస్‌కి డబ్బు కట్టేస్తారు. ఆ తర్వాత డ్యూటీ క్యాలెండర్ తీసి, ప్రాక్టీస్‌ని ఎక్కడ ఇరికించాలా అని చూస్తారు. నేను చెప్పేది దీనికి తలకిందులు. ముందు డ్యూటీ ఏ రకమో చూడాలి. దాన్ని బట్టి దూరం, ఆ తర్వాత రేస్ వారం, అన్నిటికన్నా చివర ప్లాన్.

మీ డ్యూటీ చిల్లరా, గంపగుత్తా?

రిజర్వ్ అనే మాట ఒకటే గానీ రోజులు పంచే పద్ధతి దేశానికో తీరు. అమెరికా నేషనల్ గార్డ్‌లో మామూలుగా నెలకో వారాంతం డ్రిల్, ఏడాదికోసారి రెండు వారాల క్యాంప్. ఆ వారాంతాలను ఒక్కోదానికి నాలుగు చొప్పున ఏడాదికి 48 డ్రిల్ పీరియడ్లుగా లెక్కేస్తారు. బ్రిటన్ ఆర్మీ రిజర్వ్‌లో చాలా యూనిట్లకు ఏడాదికి 27 రోజులు. కొన్ని సాయంత్రాలు, కొన్ని వారాంతాలు, ఒక క్యాంప్ కలిపి ఆ లెక్క తేలుతుంది. స్విట్జర్లాండ్‌లో మూల శిక్షణ అయిపోయిన సైనికుడు 19 రోజుల పునశ్చరణ శిబిరానికి ఒక్కసారిగా వెళ్లొస్తాడు. భారత టెరిటోరియల్ ఆర్మీలో అధికారులకు ఏడాదికి రెండు నెలల శిక్షణ ఉంటుంది.

రేస్ కోసం చూసేవాడికి ఇవన్నీ రెండు రకాల్లోకి వస్తాయి. నెలనెలా రెండేసి రోజులు పోతుంటే చిల్లర డ్యూటీ. వారాలకు వారాలు ఒకేసారి పోతే గంపగుత్త డ్యూటీ. వరదలొచ్చినప్పుడో, సరిహద్దు వేడెక్కినప్పుడో చెప్పాపెట్టకుండా వచ్చే పిలుపు మూడోది. దానికి ప్లాన్ వేయలేం, జాగ్రత్త మాత్రం పడగలం. దాని సంగతి చివర్లో.

చూడ్డానికి గంపగుత్తే కష్టంగా కనిపిస్తుంది. నా లెక్కలో అదే సులువు. ఆ నెలన్నరో రెండు నెలలో రేస్ లేదనుకుంటే మిగతా పది నెలలూ మీవే, మామూలు రన్నర్ల ప్లాన్ మార్చకుండా వాడుకోవచ్చు. చిల్లర డ్యూటీలో పోయేది రెండు రోజులే కదా అనిపిస్తుంది, అసలు చిక్కు ఆ అనిపించడంలోనే ఉంది. శుక్రవారం రాత్రి ప్రయాణం, రెండు రోజుల డ్రిల్, ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణం, సోమవారం పొద్దున్నే ఉద్యోగం. లెక్క వేస్తే నాలుగు రోజులు దెబ్బతిన్నట్టే.

ఆ రెండు రోజులు మీరేం చేస్తారన్నది కూడా తేల్చుకోవాలి. స్టోర్ లెక్కలు రాసేవాళ్ల వారాంతం వేరు, సామాను మోస్తూ రాత్రంతా పొలాల్లో తిరిగే ఇన్‌ఫెంట్రీ వాళ్ల వారాంతం వేరు. మొదటివాళ్లకు అది దాదాపు విశ్రాంతి, రెండోవాళ్లకు అదే ఆ నెలలోకెల్లా పెద్ద వర్కౌట్. ట్రైనింగ్ డైరీలో చాలామంది డ్రిల్ రోజుల్ని ఖాళీగా వదిలేస్తారు. వదిలేయకండి. నిద్ర ఎన్ని గంటలు, మోసిన బరువెంత, నడిచిన దూరమెంత అన్నవి రాసిపెట్టుకుంటే మూడు నెలల్లో మీ డ్యూటీ ఏ రకమో మీకే తెలుస్తుంది.

రెండు వారాలు పరిగెత్తకపోతే ఎంత పోతుంది?

డ్యూటీ ఉన్న రన్నర్‌ని అడుగడుగునా తరిమే టెన్షన్ ఇదే. జవాబు 1980లలోనే దొరికింది. 1984లో వ్యాయామ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కోయిల్ బృందం బాగా తర్ఫీదు పొందిన ఏడుగురు క్రీడాకారుల చేత ప్రాక్టీస్ పూర్తిగా మాన్పించి చూసింది. శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్, అంటే వీవోటూ మ్యాక్స్, 21 రోజుల్లో సుమారు 7 శాతం, 56 రోజులకు సుమారు 16 శాతం తగ్గింది. అదీ అసలేమీ చేయకుండా కూర్చుంటే. డ్రిల్‌లో ఎవరూ కూర్చోరు. ఒక వారాంతం పోతే రేస్ ఫలితంలో కనిపించేంత నష్టమేమీ ఉండదు.

దీనికన్నా పనికొచ్చేవి రాబర్ట్ హిక్సన్ బృందం ప్రయోగాలు. వారానికి ఆరు రోజులు, రోజుకు 40 నిమిషాలు గట్టిగా చేయించి, పది వారాల తర్వాత రోజుల్ని నాలుగుకో రెండుకో తగ్గించారు, తీవ్రత మాత్రం అలాగే ఉంచారు. 15 వారాలైనా వీవోటూ మ్యాక్స్ నిలబడింది. ఇంకో ప్రయోగంలో రోజులు అలాగే ఉంచి సమయాన్ని 26 నిమిషాలకు, 13 నిమిషాలకు కోశారు. అప్పుడూ నిలబడింది, 13 నిమిషాల వాళ్లకు మాత్రం ఎక్కువసేపు లాగే ఓపిక కాస్త తగ్గింది. తీవ్రత తగ్గించిన ప్రయోగంలో వీవోటూ మ్యాక్స్, ఎక్కువసేపు లాగే ఓపిక రెండూ జారిపోయాయి.

క్యాంప్‌లో గంట దొరకలేదని ఏడవక్కర్లేదన్నమాట. పాతిక నిమిషాలు దొరికినా, అందులో ఊపిరి ఎగదోసే పని కాస్త ఉంటే చాలు. కానీ నెలల తరబడి 13 నిమిషాలతో మారథాన్ పూర్తి చేయలేం. పొట్టి వర్కౌట్లు ఉన్నదాన్ని కాపాడతాయి, లేనిదాన్ని పెంచవు.

అసలు దెబ్బ తగిలేది డ్రిల్ నుంచి వచ్చాక. పోయిన 28 కిలోమీటర్లను సోమ, మంగళవారాల్లో పూడ్చుకోవాలని బయల్దేరతారు. నిద్ర లేని ఒంటికి, బూట్లలో నలిగిన పాదాలకు అదొక శిక్ష. పోయిన పరుగు పోయినట్టే. దాన్ని అప్పులా మోయకండి.

దూరాల పోలిక

హాఫ్ మారథాన్ (21.1 కి.మీ.) గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఇప్పటికే వారానికి మూడుసార్లు పరిగెత్తేవాళ్లకు పది వారాలు, వారానికి నాలుగైదు గంటలు చాలు. అన్నిటికన్నా పొడవైన పరుగు కూడా 16 నుంచి 18 కిలోమీటర్లే. కాస్త పెందలాడే లేస్తే బుధవారం ఆఫీసుకు ముందే అయిపోతుంది. లాంగ్ రన్‌ని వారం మధ్యకు మార్చుకోగలగడమే ఈ దూరంలో ఉన్న పెద్ద సుఖం. యూనిట్‌లో కొత్తగా చేరినవాళ్లు, ఆ ఏడాది ప్రమోషన్ కోర్సు ఉన్నవాళ్లు ఇంతకన్నా పెద్దది పెట్టుకోకపోతే మంచిది.

మారథాన్ (42.195 కి.మీ.) దగ్గర లెక్క మారుతుంది. 30, 32 కిలోమీటర్ల పరుగులు రెండు మూడైనా ఉండాలి. ఒక్కోదానికి మూడు గంటలు దాటుతుంది, వారం మధ్యలో కుదరదు. కాబట్టి మారథాన్ కుదురుతుందా లేదా అన్న ప్రశ్నకు అర్థం ఒకటే: చివరి పది వారాల్లో మీకు ఖాళీ వారాంతాలు ఐదారైనా దొరుకుతాయా? దొరికితే చేయండి. దొరకకపోతే హాఫ్‌నే మరింత వేగంగా పరిగెత్తండి, చిన్నతనమేమీ కాదు.

సగం ఐరన్‌మ్యాన్ దూరం, అంటే 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు, వినగానే మారథాన్ కన్నా బరువైనదిగా తోస్తుంది. గంటల్లో చూస్తే బరువే, వారానికి ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. కానీ ఆ గంటల్ని ముక్కలు చేసుకోవచ్చు. డ్రిల్‌లో నడిచి పిక్కలు పట్టేస్తే ఆ వారం ఈతకు మళ్లొచ్చు, రాత్రి తొమ్మిదికి ఇంట్లోనే ట్రైనర్ స్టాండ్ మీద సైకిల్ తొక్కొచ్చు. ఎముకల మీద దెబ్బ తక్కువ. చిల్లర డ్యూటీ ఉండి, ఏడాదికి ఒక పెద్ద లక్ష్యం కావాలనుకునేవాళ్లకు మారథాన్ కన్నా ఇదే నయమని నా అభిప్రాయం. గంపగుత్త డ్యూటీ వాళ్లకు మాత్రం ఇది ఇబ్బంది. ఆరు వారాలు కొలనూ సైకిలూ కంటికి కనబడని చోట ఉంటే, పరుగు ఎలాగోలా నిలుస్తుంది గానీ ఈతలో పట్టు తప్పుతుంది.

పూర్తి ఐరన్‌మ్యాన్ (3.8, 180, 42.2 కి.మీ.) సంగతి కొంచెం విడిగా చెప్పాలి. ఈ పోటీ ఆలోచనే ఒక నేవీ అధికారిది. ఈతగాళ్లు గొప్పా, రన్నర్లు గొప్పా అన్న వాదనలోంచి జాన్ కాలిన్స్ దీన్ని కనిపెట్టారు. 1978 ఫిబ్రవరిలో హవాయిలో 15 మంది మొదలుపెడితే 12 మంది పూర్తి చేశారు. పుట్టించింది యూనిఫాం మనిషే గానీ, యూనిఫాం వాళ్ల సెలవులకు సరిపోయేలా మాత్రం పుట్టించలేదు. వారానికి 12 నుంచి 15 గంటలు, ఐదారు గంటల సైకిల్ రైడ్లు, అవీ వరసగా ఎన్నో వారాంతాలు. ఉద్యోగం, ఇల్లు, డ్యూటీ మూడూ ఉన్న మనిషికి నాలుగోది ఇంత పెద్దది పెడితే ఏదో ఒకటి ఊడుతుంది, ఎక్కువసార్లు ఊడేది నిద్ర. డ్యూటీ బాగా తక్కువగా ఉండే ఏడాది ఒకటి తగిలేదాకా దీన్ని వాయిదా వేయమంటాను.

కొండదారి అల్ట్రా (మారథాన్ కన్నా పొడవైన పరుగు), ముఖ్యంగా 50 కిలోమీటర్లది, రిజర్వ్ వాళ్లు లెక్కలోకి తీసుకోని మంచి ఎంపిక. మారథాన్‌కు పనికొచ్చే తయారీనే దాదాపు దీనికీ సరిపోతుంది. పైగా ఇక్కడ ఎత్తులు నడిచే ఎక్కుతారు, వీపున సంచి ఉంటుంది, కొన్నిచోట్ల చీకట్లో తలదీపంతో వెళ్లాలి, బొబ్బలు రాకుండా పాదాలు చూసుకోవడం తెలియాలి. ఇవన్నీ సైనికుడికి జీతమిచ్చి నేర్పిన పనులు. డ్రిల్‌లో చేసిన నడక ఏదీ వృథా కాదు. 100 కిలోమీటర్లు దాటితే మాత్రం శని, ఆది వరసగా రెండేసి లాంగ్ రన్లు అడుగుతుంది, మళ్లీ మొదటి సమస్యకే వస్తాం.

బరువుతో నడిచే ఈవెంట్లు ఇంకో దారి. 1909లో మొదలై, ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని నైమేఖెన్‌లో జరిగే నాలుగు రోజుల నడకలో సైనికులు కనీసం 10 కిలోల బరువుతో రోజుకు 40 కిలోమీటర్లు నడుస్తారు. అమెరికాలోని న్యూ మెక్సికోలో, వైట్ శాండ్స్ దగ్గర జరిగే బటాన్ స్మారక మార్చ్ మారథాన్ దూరం. అందులో హెవీ విభాగానికి 35 పౌండ్ల సంచి, అంటే దాదాపు 16 కిలోలు. డ్యూటీకీ రేస్‌కీ ఒకే ప్రాక్టీస్ సరిపోవడం వీటి లాభం. స్పీడ్ మీద మోజున్నవాళ్లకు ఇవి రుచించవు.

ఏ వారం పెట్టుకోవాలి?

అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చేది ఈ నిర్ణయమే, జనం తక్కువగా ఆలోచించేదీ దీని గురించే.

చిల్లర డ్యూటీ వాళ్ల లెక్క చూద్దాం. డ్రిల్ నాలుగు వారాలకోసారి అనుకోండి. రేస్‌ని డ్రిల్ అయిన రెండు వారాలకు పెట్టుకోండి. అప్పుడు రేస్ నుంచి వెనక్కి లెక్కిస్తే డ్రిల్ వారాంతాలు 2, 6, 10, 14 వారాల ముందు పడతాయి. మారథాన్ తయారీలో చివరి పెద్ద పరుగు రేస్‌కు మూడు వారాల ముందు చేయడం ఆనవాయితీ. అది డ్రిల్‌కు సరిగ్గా ముందు వారాంతం, ఖాళీయే. తర్వాతి వారాంతం డ్రిల్, అప్పటికి ఎలాగూ టేపర్ (రేస్ ముందు ప్రాక్టీస్ తగ్గించడం) మొదలై దూరం తగ్గాలి. ఇక 6, 10, 14 సంగతి. మంచి ప్లాన్లు చాలావాటిలో మూడు వారాలు పెంచి నాలుగో వారం తగ్గిస్తారు. ఆ తగ్గించే వారాన్ని తీసుకెళ్లి డ్రిల్ మీద పెట్టండి. మొదట్లో గల్లంతయ్యాయి అనుకున్న నాలుగు లాంగ్ రన్లూ అసలు చేయాల్సినవే కావు. డ్రిల్ తేదీలు నాలుగు వారాలకు ఒకటి కాకుండా ఒక్కోసారి ఐదు వారాలకు పడతాయి, అప్పుడు ఒక పెద్ద వారం అదనంగా దొరికినట్టే.

రేస్ డ్రిల్ అయిన వారానికే పడితే? నిద్ర లోటు పూర్తిగా తీరదు, కాళ్లు బరువుగా ఉంటాయి. పూర్తి చేస్తారు గానీ రికార్డు మీద ఆశ వద్దు. డ్రిల్‌కు ఒక వారం ముందు పడితే రేస్ బాగానే ఉంటుంది, ఆరు రోజుల తర్వాత సంచి ఎత్తుకున్నప్పుడు తెలుస్తుంది. ఆ డ్రిల్‌లో ఫీల్డ్ ఎక్సర్‌సైజ్ ఉంటే ఆ రేస్ వదిలేయండి. మీరు కుంటుతుంటే మీ సామాను పక్కవాడు మోయాలి.

రెండు వారాల క్యాంప్ ఉన్న ఏడాదిలో రేస్ క్యాంప్ ముందా, తర్వాతా? ముందు పెట్టుకుంటే రేస్‌కూ క్యాంప్‌కూ మధ్య కనీసం మూడు వారాలు ఉండాలి. కాళ్లు కోలుకుంటాయి, రేస్ ఫిట్‌నెస్‌తో క్యాంప్‌కి వెళ్తారు. తర్వాత పెట్టుకుంటే మారథాన్‌కు కనీసం తొమ్మిది వారాలు వదలండి: కోలుకోడానికి ఒకటి, పెంచడానికి ఆరు, టేపర్‌కు రెండు. హాఫ్‌కు ఆరు చాలు. రెండు నెలలు వెళ్లొచ్చేవాళ్లకు ఇది సరిపోదు. వచ్చాక 14 నుంచి 16 వారాలు తీసుకోండి. నేనైతే క్యాంప్‌కు ముందే పెట్టుకుంటాను. క్యాంప్ తర్వాత ఉద్యోగంలో పేరుకున్న పని, ఇంట్లో పేరుకున్న పని రెండూ మీద పడతాయి, ఆ తొమ్మిది వారాలు కాగితం మీద ఉన్నంత తీరుబడిగా ఉండవు.

రేస్‌కు ముందు చివరి మూడు వారాల్లో క్యాంప్ పడనివ్వొద్దు. “క్యాంప్‌నే టేపర్ అనుకుంటే సరి” అనేవాళ్లు ప్రతి యూనిట్‌లోనూ ఒకరుంటారు. టేపర్ అంటే దూరం తగ్గించి, వేగం నిలిపి, బాగా నిద్రపోవడం. క్యాంప్‌లో దూరం పెరుగుతుంది, వేగం పోతుంది, నిద్ర ఉండదు. బల్ల దగ్గర కూర్చునే క్యాంప్ అయితే ఆ మాట చెల్లొచ్చు.

ఒక్క లాభం మాత్రం ఉంది. ఎండలో జరిగే క్యాంప్‌లో ఒళ్లు వేడికి అలవాటు పడుతుంది. అందుకు ఏడు నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, చల్లటి చోటికి రాగానే ఆ అలవాటు రోజురోజుకూ కరుగుతుంది. రేస్ కూడా వేడి వాతావరణంలోనే ఉంటే వచ్చాక వారానికి రెండు మూడుసార్లు ఎండలో తేలిగ్గా పరిగెత్తి దాన్ని నిలుపుకోండి. వేడిని తేలిగ్గా తీసుకోవద్దు. 2006లో నైమేఖెన్ నడకలో మొదటి రోజు ఎండకే ఇద్దరు చనిపోతే, మిగతా రోజులు రద్దు చేశారు.

ప్లాన్ ఎలాంటిది?

రోజువారీ గడుల ప్లాన్, అంటే మంగళవారం ఇది, గురువారం అది అని రాసి ఉండేది, గంపగుత్త డ్యూటీ వాళ్లకు బాగుంటుంది. ఇంట్లో ఉన్న నెలల్లో ఎవరికీ లేని క్రమశిక్షణతో చేసేస్తారు.

చిల్లర వాళ్లకు అది పనికిరాదు. ఒక గడి తప్పగానే మిగతావన్నీ పక్కకు జరుగుతాయి, వారం తిరిగేసరికి కంగాళీ. వాళ్లకు నేను చెప్పేది మూడు ముఖ్యమైన వర్కౌట్ల పద్ధతి. వారంలో ఒక లాంగ్ రన్, ఒక ఇంటర్వల్ వర్కౌట్ (గట్టిగా, మెల్లగా మార్చి మార్చి పరిగెత్తడం), ఒక టెంపో (ఆపకుండా కాస్త గట్టి వేగంతో పరుగు). వీటికి ఫలానా రోజని ఉండదు, రెండు కష్టమైనవి పక్కపక్కన పడకూడదన్న నియమం మాత్రమే ఉంటుంది. మిగతా రోజుల్లో తేలికపాటి పరుగు ఉంటే ఉంది, లేకపోతే లేదు. డ్రిల్ వారంలో మూడు కాస్తా ఒకటిన్నర అవుతాయి: మంగళవారం ఇంటర్వల్స్, గురువారం 80, 90 నిమిషాల మధ్యరకం పరుగు, అంతే. శుక్రవారం ఏమీ వద్దు. సోమవారం నిద్ర. మంగళవారం తేలిగ్గా కాళ్లు కదిపి చూసి, బుధవారం నుంచి మామూలు బండి.

గంటల్ని కాకుండా హార్ట్ రేట్‌ని, వాచ్ ఇచ్చే ‘రెడీనెస్’ స్కోర్‌ని నమ్ముకునే ప్లాన్లు కూడా ఉన్నాయి. డ్రిల్ తర్వాత రెండు రోజులు ఆ స్కోర్ ఎర్రగా ఉంటుందని చెప్పడానికి వాచ్ అక్కర్లేదు. కొన్ని యూనిట్లలో, కొన్ని చోట్ల జీపీఎస్ వాచ్‌లు పెట్టుకోనివ్వరు కూడా. 2018లో స్ట్రావా అనే పరుగుల యాప్ వేసిన హీట్‌మ్యాప్‌లో (జనం పరిగెత్తిన దారుల్ని చూపే మ్యాప్) సైనిక స్థావరాల జాడలు బయటపడ్డాక ఇది వేళాకోళం కాదు. డ్యూటీ పరుగుల్ని అప్‌లోడ్ చేయకండి.

డ్యూటీలో ఉన్నప్పుడు పరుగు గురించి: ఫీల్డ్‌లో ఉంటే ప్రయత్నించకండి. బ్యారక్స్‌లో ఉంటే పొద్దున్నే పాతిక నిమిషాలు, అందులో నిమిషం గట్టిగా, నిమిషం మెల్లగా ఆరేడుసార్లు. రాత్రంతా మేలుకున్న తర్వాతి ఉదయం మాత్రం ఆ పాతిక నిమిషాలు పడుకోండి.

బరువుతో మార్చ్ చేసిన రోజును లాంగ్ రన్‌గానే లెక్కేయండి, దాని పైన ఇంకోటి వద్దు. ఇంటి దగ్గర ప్రాక్టీస్ చేస్తే వారం, పది రోజులకోసారి చాలు. తక్కువ బరువుతో మొదలుపెట్టి, ఈసారి బరువు పెంచితే దూరం పెంచకండి, దూరం పెంచితే బరువు పెంచకండి. సంచితో పరిగెత్తే సరదా అసలే వద్దు. రేస్ షూస్ కోసం పది రివ్యూలు చదివేవాళ్లు బూట్లను యూనిట్ ఇచ్చినవి ఇచ్చినట్టే తొడుక్కుంటారు, పాదాలు చెడేది ఎక్కువగా అక్కడే.

ఫిట్‌నెస్ టెస్ట్‌ని మర్చిపోవద్దు. మారథాన్ మోజులో పుషప్స్ మానేసి టెస్ట్‌లో తడబడే రన్నర్లు కనిపిస్తూనే ఉంటారు. అమెరికా ఆర్మీ 2025లో తెచ్చిన పరీక్షలో 2 మైళ్ల పరుగుతో పాటు డెడ్‌లిఫ్ట్, పుషప్స్, ప్లాంక్, బరువు లాగి మోసే స్ప్రింట్ ఉన్నాయి. పరుగొక్కటే గట్టెక్కించదు. వారానికి రెండుసార్లు అరగంట బరువులెత్తితే రేస్‌కేమీ నష్టం లేదు, సంచి మోసే నడుముకు లాభం.

ఒళ్లు చెప్పే మాట

రెండు వైపుల బరువూ ఒకే ఎముకల మీద పడుతుంది. మోకాలి కింది ఎముక మీద వేలు పెట్టి చూపించగలిగేంత ఒకేచోట నొప్పి ఉండి, నడిచినా తగ్గకపోతే అది కండరం కాదేమో, ఎముకలో పగులు కావచ్చు. పరుగు ఆపి డాక్టర్‌కి చూపించండి. కఠినమైన ఎక్సర్‌సైజ్ తర్వాత కండరాలు విపరీతంగా నొప్పెడుతూ మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే ఆసుపత్రికి వెళ్లాలి, అది కిడ్నీల దాకా పోయే వ్యవహారం. రేస్‌కు ముందు ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకునే అలవాటు ఉంటే మానుకోండి, ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కూడా కిడ్నీల మీదే పడతాయి. అలాగని దాహం లేకున్నా లీటర్లకు లీటర్లు మంచినీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అదీ ప్రాణాంతకమే.

సప్లిమెంట్ల డబ్బా కొనేముందు యూనిట్ నిషేధ జాబితా చూడండి. రేస్‌లో ఎవరూ అడగని పదార్థం మూత్ర పరీక్షలో మిమ్మల్ని ఇరికించొచ్చు.

రేస్‌కి డబ్బు కట్టేముందు, పిలుపు వచ్చాక

రెండు రేసులు సమానంగా నచ్చితే వాయిదా నిబంధన ఎవరిది మెరుగ్గా ఉందో దానికే కట్టండి. కొన్ని రేసులు సైనిక పిలుపు వస్తే మరుసటి ఏడాదికి మార్చుకోనిస్తాయి, కొన్ని ఇంకొకరికి బదిలీ చేసుకోనిస్తాయి, కొన్ని ఏదీ ఒప్పుకోవు. ఏడాది డ్రిల్ తేదీలు రాగానే యూనిట్‌లో మీ పైవాళ్లకు రేస్ తేదీ చెప్పి ఉంచండి. ఆరు నెలల ముందు అడిగితే డ్రిల్ మార్పిడి గురించి కనీసం ఆలోచిస్తారు, వారం ముందు అడిగితే మీరు రన్నర్‌గా మాత్రమే గుర్తుండిపోతారు.

చెప్పాపెట్టకుండా పిలుపొచ్చి తిరిగొచ్చాక రేస్ ఇంకా ముందే ఉంటే నా లెక్క ఇది. పోయింది రెండు వారాల లోపయితే అదే రేస్ పరిగెత్తండి, టైమ్ మీద ఆశ మాత్రం తగ్గించుకోండి. మూడు నాలుగు వారాలు పోతే అదే ఈవెంట్‌లో చిన్న దూరానికి మారండి. అంతకన్నా ఎక్కువైతే, లేదా తిరిగొచ్చినప్పుడు నిద్ర పట్టని స్థితిలో ఉంటే, వాయిదా వేయండి. ఫిట్‌నెస్ ఆరు వారాల్లో తిరిగొస్తుంది, పోయిన నిద్రకు అంత కచ్చితమైన గడువు ఉండదు.

వాయిదా కోరడానికి నిర్వాహకులు చివరి తేదీ పెడతారు, ఆదేశం కాపీ అడుగుతారు. మీరు వెళ్లే చోట ఫోన్ ఉంటుందో లేదో తెలియదు. కాగితం అందిన సాయంత్రమే ఫొటో తీసి మెయిల్ పెట్టేసి, ఆ తర్వాత బ్యాగ్ సర్దుకోండి.